చెత్తబండి వచ్చే వేళ

నేను చేసిన ఒక దొంగపని సంగతి ముందుగా చెప్పేస్తాను. దాన్ని కడుపులో దాచుకుని ఈ వ్యాసం రాయడం నావల్ల కాదు.

కిందటి కార్తీకంలో ఒక బుధవారం రాత్రి. పదిన్నర దాటింది. వీధిలో కుక్కలు కూడా సద్దుమణిగాయి. నల్లని ప్లాస్టిక్ సంచీ ఒకటి కొంగుచాటున పెట్టుకుని, గేటు చప్పుడు కాకుండా తీసుకుని బయటపడ్డాను. రెండు సందుల అవతల ఎవరిదో ఖాళీ స్థలం వుంది. అటూ ఇటూ చూసి, సంచీ అందులోకి విసిరేసి, వెనక్కు తిరిగి చూడకుండా ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కున్నాను. అందులో వున్నది మూడు రోజుల చెత్త. ఆ మధ్యాహ్నమే కాలేజీలో ఎన్.ఎస్.ఎస్. పిల్లలకు పరిసరాల పరిశుభ్రతను గురించి అరగంటసేపు ఉపన్యాసం ఇచ్చి వచ్చాను. చప్పట్లు కూడా కొట్టారు పాపం.

ఇంతటి అఘాయిత్యం ఎందుకు చేయవలసి వచ్చిందంటారా? మా కాపురం సూర్యాపేటలో. నా ఉద్యోగం కోదాడలో, ఒక కాలేజీలో తెలుగు చెప్పడం. రోజూ నలభై కిలోమీటర్ల పైచిలుకు అటు, మళ్లీ అంతే ఇటు. ఏడున్నర బస్సు తప్పిందంటే మొదటి పీరియడు తప్పినట్టే. మావారు నాకంటే ముందే బయలుదేరుతారు. పిల్లలు చదువులకని వేరే ఊళ్లలో వున్నారు. చెత్తబండి మా వీధిలోకి వచ్చేది ఎనిమిదిన్నర తర్వాత. ఇందులో ఎవరి తప్పూ లేదు. బండి దాని వేళకు అది వస్తుంది, బస్సు దాని వేళకు అది పోతుంది. మధ్యన మా ఇంటి చెత్తకు మాత్రం ముహూర్తం కుదరదు. ఆదివారం నాడు ఇచ్చిన తర్వాత మళ్లీ ఆదివారం దాకా దాన్ని కాపాడుకోవాలి. కూరగాయల తొక్కు మూడో రోజుకల్లా ఎలా వుంటుందో గృహిణులకు నేను వర్ణించి చెప్పనక్కర లేదు.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం నాడు బండి వచ్చింది. రెండు బుట్టలూ తీసుకుని గేటు దగ్గరకు వెళ్లాను. బండి వెంట వచ్చే ఆమె బుట్టలు అందుకోలేదు. నడుముకు దోపుకున్న సంచిలో నుంచి ఒక తపాలా కవరు తీసి నా చేతికిచ్చింది.

"ఇది మీదేనా మేడమ్?"

కవరు మీద నా పేరు, ఇంటి నంబరు, ఎం.ఏ. అన్న అక్షరాలతో సహా స్పష్టంగా వున్నాయి. ఆ ఎం.ఏ.ని చూసి నేను ఎన్నడూ అంతగా సిగ్గుపడలేదు. అంతలో ఆమె బొటనవేలికి చుట్టి వున్న గుడ్డపీలిక కనిపించింది.

"వేలికేమయిందమ్మా?" అన్నాను, తెలియనట్టు.

"గ్లాసు పెంకు మేడమ్. గా సంచిలనే ఉండె. చెయ్యి పెట్టంగనే కోసుకపోయింది. పెంకులుంటే పేపర్ల చుట్టి యేరుగ ఇయ్యుండ్రి. మాకు ఎర్కయితది."

అంతే. ఒక్క మాట ఎక్కువ అనలేదు. బుట్టలు అందుకుని, కుమ్మరించుకుని, తర్వాతి ఇంటికి వెళ్లిపోయింది. ఇరవయ్యేళ్లుగా పాఠాలు చెబుతున్న నోరు నాది. ఆ పూట క్షమించమన్న మాట కూడా పెగల్లేదు.

అప్పటినుంచి చెత్తను గురించి దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను. తెలుగు పంతులమ్మకు చెత్తతో పనేమిటని స్టాఫ్‌రూములో నవ్వారు. మా కామర్సు మాస్టారు మాత్రం, "ఏటేటా జవాబు పత్రాలు దిద్దుతున్నారు కదండీ, ఆ మాత్రం అనుభవం వుంటుందిలెండి" అని నన్ను సమర్థించారు.

నిజానికి తెలుగు పంతులమ్మకు చెత్తతో పని వుంది. మా పుట్టిల్లు మిర్యాలగూడ దగ్గర. నా చిన్నతనంలో ప్రతి ఇంటి వెనకా ఒక పెంటకుప్ప వుండేది. పేడ, బూడిద, ఊడ్చిన కసువు, కూరగాయల తొక్కు, అన్నీ అందులోకే. ఎండాకాలం రాగానే బండ్లు కట్టి ఆ పెంటను పొలానికి తోలేవారు. "ఈ ఏడు ఎన్ని బండ్ల పెంట తోలినవ్?" అని ఒకరినొకరు పలకరించుకునేవారు. ఎక్కువ తోలినవాడు కలిగిన రైతు. పెంట అంటే ఆస్తి అన్నమాట. అదే మాట ఇవాళ పట్నంలో తిట్టు అయి కూర్చుంది. మాట అర్థం ఎలా దిగజారుతుందో క్లాసులో చెప్పవలసి వచ్చినప్పుడు నేను ఈ ఉదాహరణే చెబుతాను.

మిర్యాలగూడ బియ్యం మిల్లుల ఊరని అందరికీ తెలుసు. అక్కడ ధాన్యం ఆడించగా మిగిలిన ఊకను మిల్లువాళ్లే బాయిలర్లకింద పోసి, ఆ ఆవిరితోనే వడ్లు ఉప్పుడుపెడతారు. ఒక పని చెత్త ఇంకో పనికి వంటచెరకు. ఇందులో గొప్ప శాస్త్రమేమీ లేదు. ఊక ఊకగానే వుంది, మరో వస్తువు అందులో కలవలేదు. అందుకే దానికి ధర పలుకుతున్నది. ఆ ఊకలో నాలుగు పాలసంచులు, ఒక పగిలిన బల్బు, ఇంత పులిసిన సాంబారు కలిపి చూడండి, ఉచితంగా ఇస్తామన్నా ఎవడూ బండి కట్టడు.

మన ఇళ్లలో రోజూ జరుగుతున్నది సరిగ్గా ఇదే. మన పట్టణాల చెత్తలో సగానికి పైగా కుళ్లే పదార్థమే. విడిగా ఇస్తే అది ఎరువవుతుంది. కాగితం, అట్ట, సీసా, డబ్బా విడిగా ఇస్తే అమ్ముడుపోతాయి. రెంటినీ కలిపితే కాగితం తడుస్తుంది, ఎరువులో ప్లాస్టిక్ చేరుతుంది, రెండూ చెడతాయి. ఇక దానికి ఊరి బయటి గుట్టే గతి. అక్కడ అది లోలోపల కుళ్లి మీథేను అనే వాయువును పుట్టిస్తుంది. ఎండాకాలంలో ఆ గుట్టలు వాటంతటవే రాజుకుని రోజుల తరబడి పొగ కక్కడానికి కారణం ఇదే.

ఇక్కడ మా సూర్యాపేట సంగతి చెప్పక తప్పదు. ఇప్పటివాళ్లలో చాలామందికి తెలియదు గాని, 2003 ప్రాంతాల్లో ఈ ఊరి పేరు దేశంలోని మునిసిపల్ అధికారుల నోళ్లలో నానింది. అప్పటి కమిషనరు ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్. లక్షకు కాస్త పైన జనాభా. రోజుకు సుమారు 32 టన్నుల చెత్త. ఆయన బయటి సంస్థల సాయం కోసం ఎదురుచూడలేదు. వున్న మనుషులతోనే ఇంటింటికీ బండి పంపించి, తడి చెత్త వేరు, పొడి చెత్త వేరుగా తీసుకోవడం మొదలుపెట్టించారు. పేద కార్మికుల సంఘాలకు బ్యాంకు అప్పులు ఇప్పించి, వాళ్లచేతనే ట్రాక్టర్లు కొనిపించారు. తడి చెత్తను వానపాములకు అప్పగించి ఎరువు చేయించారు. పొడి చెత్త అమ్మించారు. ఎరువు మీద, పొడి చెత్త మీద కలిపి నెలకు లక్ష రూపాయల దాకా రాబడి వచ్చేది. అన్నిటికంటే విచిత్రమైనది ఇంకొకటి వుంది. వీధుల్లోని చెత్తకుండీలను ఆయన ఎత్తివేయించారు. కుండీ వుంటే కదా దాని చుట్టూ చెత్త పడేది!

చెత్త సమస్య మీద 1996లో సుప్రీంకోర్టుకు వెళ్లిన అల్మిత్రా పటేల్ అనే ఇంజనీరమ్మ సూర్యాపేట చూసి, దీన్ని గురించి దేశానికంతకూ తెలియజెప్పింది. ఆమె వేసిన ఆ దావా ఫలితంగానే 2000లో పట్టణాల చెత్తకు మొదటిసారి దేశవ్యాప్తమైన నిబంధనలు వచ్చాయి. 2016లో వాటి స్థానంలో కొత్తవి వచ్చి, ఇంట్లోనే తడి, పొడి, హానికరమైనవి అని మూడు భాగాలుగా విడదీయాలన్నాయి. అంటే కాగితం మీద చట్టం అడిగిన పని, అంతకు పదమూడేళ్ల ముందే మా ఊళ్లో చాలావరకు జరుగుతూ వుండేదన్నమాట. అప్పటికి అరచేతిలో ఇమిడే తెలివైన ఫోను లేదు, బండికి జి.పి.యస్. లేదు, ఇంటి గుమ్మానికి చీటీ లేదు.

నేను కోడలిగా ఈ ఊరు వచ్చింది 2004లో. వంటింట్లో గట్టు కింద రెండు బుట్టలు వుండేవి. కాపురానికి వచ్చిన మర్నాడే మా అత్తయ్య నాకు చెప్పిన మొదటి పాఠం పోపు గురించి కాదు. "ఇది తడి, ఇది పొడి. కలిపినవంటే ఆమె తీస్కపోదు, నీకే ఇచ్చిపోతది" అన్నారు. నేను నవ్వుకున్నాను. ఆ నవ్వు తర్వాతి వారం నాకు తిరిగి వచ్చింది, ఉల్లిపొట్టు కలిసిన కాగితాలతో సహా. వీధిలో నలుగురు చూస్తూ వుండగా ఏరి విడదీశాను.

ఆ తర్వాత అధికారులు మారారు. ఊరు పెరిగింది. 2016లో జిల్లా కేంద్రమయింది. అత్తయ్య పోయారు. మా గట్టు కింద రెండు బుట్టలు ఒకే నల్ల సంచీగా ఎప్పుడు మారాయో, ఎంత ఆలోచించినా నాకు గుర్తు రావడం లేదు. పేరుకు బుట్టలు రెండూ వున్నాయి. రెంటిలోనూ అన్నీ వుంటున్నాయి.

ఇక ఇప్పటి యంత్రాల సంగతి. "స్మార్ట్" అన్న మాట తగిలించకుండా ఈ రోజుల్లో చీపురు కూడా కొనేట్టు లేదు. అయినా తిట్టిపోయడానికి ముందు అవేమిటో తెలుసుకోవాలి కదా. నాకు తెలిసినంతలో చెబుతాను. సైన్సు మాస్టార్లు మన్నించాలి.

బండికి పెట్టే జి.పి.యస్. పెట్టె ఆకాశంలోని ఉపగ్రహాల సంకేతాలు వింటుంది. కనీసం నాలుగింటి సంకేతాలు అందితే, అవి ఎంత సమయంలో చేరాయన్న లెక్కను బట్టి తానెక్కడ వున్నదో కొద్ది మీటర్ల తేడాలో కనిపెడుతుంది. లోపల వున్న సిమ్ కార్డు ద్వారా ఆ సంగతి ఆఫీసుకు చేరవేస్తుంది. బండి వీధిలోకి వెళ్లిందా, చెట్టు నీడన నిలబడిందా అన్నది బల్ల దగ్గర కూర్చున్నవారికి తెలిసిపోతుంది. ఇంటి గుమ్మానికి అంటించే గళ్లచీటీ, అదే క్యూఆర్ కోడు, చాయ్ దుకాణంలో డబ్బులివ్వడానికి ఫోను చూపిస్తామే, దాని తోబుట్టువే. 1994లో జపాను దేశంలో కార్ల విడిభాగాలు లెక్కపెట్టుకోవడానికి దాన్ని కనిపెట్టారు. కొన్నిచోట్ల దానికి బదులు ఆర్.ఎఫ్.ఐ.డి. బిళ్ల పెడతారు. దాంట్లో బ్యాటరీ వుండదు. చదివే యంత్రం పంపిన రేడియో తరంగాల శక్తినే కాస్త అప్పు తీసుకుని, తన నంబరు తిరిగి చెబుతుంది. అప్పు తీసుకున్న శక్తితోనే జవాబు చెప్పే బిళ్లను చూస్తే, పక్కవాడి పేపరు చూసి రాసే నా విద్యార్థులు కొందరు గుర్తొచ్చారు.

కుండీల్లో పెట్టే మరో యంత్రం వుంది. గబ్బిలం లాగా మన చెవికి వినపడని శబ్దాన్ని పంపి, అది తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి కుండీ ఎంత నిండిందో చెబుతుంది. పెద్ద పెద్ద నగరాల్లో వాడుతున్నారు, మంచిదే. కాని మా ఊరివాళ్లకు అదొక వింతగానే వుంటుంది. ఇరవయ్యేళ్ల కిందట పీకిపారేయించిన కుండీని మళ్లీ తెచ్చి నిలబెట్టి, దాని కడుపు ఎంత నిండిందో కనిపెట్టడానికి డబ్బు ఖర్చుపెట్టడమా?

గుమ్మం చీటీల సంగతికి వస్తే, మా చెల్లెలి ఇంటి ముచ్చట ఒకటి వుంది. చెల్లెలు వుండేది ఈ మూడు ఊళ్లలో ఎక్కడా కాదు, మరో పట్టణంలో. ఆ ఊరి పేరు చెప్పను. వాళ్ల గుమ్మానికి చక్కని చీటీ అంటించారు. బండి వెంట వచ్చే కుర్రవాడు ఫోను చూపిస్తాడు, "టిక్" మంటుంది, ఆ ఇంటి చెత్త తీసుకున్నట్టు లెక్క. ఒకసారి చెల్లెలు పది రోజులు మా ఇంటికి వచ్చి వుంది. తాళం వేసిన ఆ ఇంటినుంచి పది రోజులూ చెత్త వెళ్లినట్టే లెక్క రాసి వుందట! తిరిగి వెళ్లాక ఆ కుర్రవాణ్ణి నిలదీసింది. వాడేమన్నాడో వినండి. "అక్కా, టిక్ కొట్టకపోతే నాకు గైరుహాజరు పడుద్ది. తాళం వున్న ఇంటికి ఏం కొట్టాలో ఇందులో లేదు."

నాకు మొదట వాడి మీద కోపం వచ్చింది. ఆలోచించిన కొద్దీ పోయింది. యంత్రం వాణ్ణి అడిగిన ప్రశ్న ఒక్కటే, వెళ్లావా లేదా అని. వెళ్లాడు పాపం, రోజూ వెళ్లాడు. ఇచ్చారా లేదా అని అడగలేదు. విడదీసి ఇచ్చారా, కలిపి ఇచ్చారా అని అసలే అడగలేదు. ఈ పనిలో ముఖ్యమైన ప్రశ్నలన్నీ గుమ్మానికి ఇవతల, మన వంటింట్లో వున్నాయి. యంత్రాన్ని మాత్రం గుమ్మానికి అవతల నిలబడ్డవాడి మీద కాపలా పెట్టారు.

ఇందులో అన్యాయం మరొకటి. మా వీధి చివరి ఇంట్లో ఒక ముసలావిడ ఒంటరిగా వుంటుంది. మెట్లు దిగలేదు. బండి వెంట వచ్చే ఆమె, అదే వేలు తెగిన ఆమె, మేడ ఎక్కి బుట్ట తెచ్చుకుని, ఖాళీ చేసి, మళ్లీ పైన పెట్టి వస్తుంది. నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఉపగ్రహం పైనుంచి చూస్తే, బండి అయిదు నిమిషాలు ఊరికే నిలబడినట్టు కనిపిస్తుంది. ఆ అయిదు నిమిషాలకు సంజాయిషీ అడిగే రోజే వస్తే, మేడ మీది ముసలావిడ చెత్త ఏమవుతుంది? నాలాగా రాత్రి పదిన్నరకు సంచీ కొంగున దాచుకుని దిగగలిగిన వయసు కాదు ఆమెది.

అయితే ఈ యంత్రాలు దండగ అంటావా అని మావారు అడిగారు. అననండి. నా దొంగతనానికి మందు ఆ యంత్రంలోనే వున్నది.

తైవాను దేశం సంగతి చదివాను. అక్కడ చెత్త లారీ పాట పాడుకుంటూ వస్తుంది. ఒకటి బేతోవెన్ కట్టిన బాణీ, మరొకటి పోలండు దేశపు ఒక యువతి ఎప్పుడో కట్టిన పియానో బాణీ. పాట వినగానే జనం సంచులు పట్టుకుని వీధిలోకి వచ్చి, తమ చేతులతోనే లారీలో వేస్తారు. వెనకాలే పొడి వస్తువుల లారీ వస్తుంది. చెత్త నేలను తాకగూడదన్నది వాళ్ల నియమం. మన చెత్త ఆటోలు కూడా పాటలు పాడుకుంటూనే వస్తాయి, ఆ విషయంలో మనం ఎవరికీ తీసిపోలేదు. కాని వాళ్ల లారీలు ఆఫీసులు వదిలిన తర్వాత సాయంత్రం పూట, రాత్రి పూట కూడా తిరుగుతాయి. ఏ మూల ఏ వేళకు ఆగుతాయో ముందే రాసి పెట్టి వుంటుంది. పైగా లారీ ఇప్పుడెక్కడ వున్నదో ఇంట్లో కూర్చుని ఫోనులో చూసుకోవచ్చు. గమనించారా? అదే జి.పి.యస్. పెట్టె. అక్కడ ఆ పెట్టె గృహిణికి కబురు చెబుతున్నది. బండి ఎక్కడుందో ఆఫీసరుకు తెలిసినంత మాత్రాన మా ఇంటి తొక్కు కదలదు. నాకు తెలిస్తే కదులుతుంది.

దక్షిణ కొరియావాళ్లది మరో దారి. 1995 నుంచే అక్కడ ఎంత చెత్త పారేస్తే అంత రుసుము. 2005లో తిండి చెత్తను భూమిలో పూడ్చడాన్ని నిషేధించారు. 2013 నుంచి తిండి చెత్తకు కూడా ఎంతకు అంత అన్నారు. చాలా అపార్టుమెంట్లలో ఒక పెట్టె వుంటుంది. కార్డు చూపిస్తే మూత తెరుచుకుంటుంది, మనం వేసింది తూచి, ఇంత అని చెప్పి, మన లెక్కలో రాసుకుంటుంది. అన్నం పారేసేటప్పుడు తూకం కనిపిస్తే చెయ్యి వెనకాడదూ! ఇది మన ఊళ్లకు ఇప్పుడే పనికొస్తుందని నేననుకోను. రుసుమంటే చాలు, రాత్రి పదిన్నర దొంగలు వీధికి పదిమంది తయారవుతారు. అనుభవంతో చెబుతున్నాను.

మా మూడు ఊళ్లను తలచుకుంటే నాకు తోచినది ఇది. టిక్ పడిన ఇళ్ల లెక్క వల్ల వచ్చే లాభం తక్కువ. టిక్ పడని ఇళ్లనే లెక్కపెట్టాలి. చదివే ఫోనులో "ఇల్లు తాళం" అని ఒక మీట, "కలిపి ఇచ్చారు" అని ఒక మీట పెట్టి, అవి నొక్కినందుకు కార్మికుడికి గైరుహాజరు వేయకుండా వుంటే, నెల తిరిగేసరికి ఊరి రహస్యమంతా బయటపడుతుంది. ఏ వీధిలో ఉద్యోగస్తులు ఎక్కువ, పొద్దున పూట ఎన్ని తాళాలు, ఏ సందుకు సాయంత్రం బండి కావాలి, అన్నీ. కోదాడలాంటి ఊళ్లో అది మరీ అవసరం. హైదరాబాదు–విజయవాడ రహదారి మీద రాష్ట్రాల సరిహద్దుకు దగ్గరగా వున్న ఊరు. బస్సులు ఆగే చోటు. అక్కడి కాగితపు గ్లాసులు, నీళ్ల సీసాలు పారేసేవాళ్లలో సగం మంది ఆ ఊరివాళ్లే కారు. వాళ్లకు గుమ్మమే లేదు, చీటీ ఎక్కడ అంటిస్తారు? అలాంటి చోటికి ఎన్ని గంటలకొకసారి బండి రావాలో తేల్చడానికి తూకం లెక్కలు పనికొస్తాయి.

కలిపి ఇచ్చే ఇళ్ల సంగతి మాత్రం యంత్రానికి అప్పగించడానికి నాకు మనసొప్పదు. ఫోనుకు వచ్చే హెచ్చరికలను మనం ఎంత చక్కగా చదవకుండా తుడిచేస్తామో అందరికీ తెలుసు. వీధిలో నలుగురు చూస్తూ వుండగా బుట్ట తిరిగి చేతికి రావడం వేరు. కాని ఆ బుట్ట తిప్పి ఇచ్చే అధికారం ఆ మనిషికి వుండాలి. తిప్పి ఇచ్చిందని ఎవరైనా పెద్దమనిషి ఫిర్యాదు చేస్తే, ఆమె పక్షాన నిలబడే పై అధికారి వుండాలి. మా అత్తయ్యకు తెలిసిన బండి ఆమె ఎవరో నాకు పేరు గుర్తులేదు గాని, ఆమెకు ఆ ధైర్యం వుండేది. నా బుట్ట నాకు ఇచ్చిన రోజున ఆమె నా ముఖం వంక సూటిగానే చూసింది.

ఇదంతా జరిగేదాకా మా ఇంటి చెత్త సంగతేమిటని అడుగుతారు. ప్రస్తుతానికి ఒక ఏర్పాటు చేసుకున్నాను. పక్కింట్లో రిటైరయిన తాసిల్దారు గారున్నారు. పొద్దున బస్సుకు వెళ్లే ముందు రెండు బుట్టలూ వాళ్ల అరుగు మీద పెట్టి పోతాను. పెంకులూ బ్లేళ్లూ వుంటే కాగితంలో చుట్టి, దారం కట్టి, విడిగా పెడతాను. బండి మలుపు తిరిగినప్పుడు ఆమె ఆయన ఫోనుకు ఒక మిస్డ్‌కాల్ ఇస్తుంది. ఆయన పేపరు మడిచి లేస్తారు. ఈ ఏర్పాటుకు ఉపగ్రహాలు అక్కరలేకపోయింది. అయితే తాసిల్దారు గారు నాలుగు రోజులు కూతురింటికి వెళితే మళ్లీ మొదటికే వస్తుంది కనుక, ఊరంతటికీ ఇదే పద్ధతి అనడానికి వీల్లేదు.

మొన్న బస్సు మునగాల దాటుతూ వుండగా ఆయన దగ్గరనుంచి ఫోను వచ్చింది. ఏం కొంప మునిగిందోనని కంగారుగా ఎత్తాను.

"అమ్మాయ్, నీ పొడి బుట్టలో పెరుగు డబ్బా కడగకుండా వేశావట. తీసుకోనంటోంది. ఇక్కడే నిలబడింది. ఏం చెప్పమంటావు?"

బస్సులో పక్క సీటువాళ్లందరికీ వినిపించేటంత గట్టిగా అడిగారు.

"వేరే తీసి వుంచండి బాబాయిగారూ, సాయంత్రం వచ్చి కడుగుతాను" అన్నాను.